గబ్బిలాలు ఏ పండు పడితే ఆ పండు తినవు: పనామాలోని ఒక దీవి నుంచి సమాధానం

ముందుగా మీరు అడిగింది క్లుప్తంగా ఇక్కడ పెడుతున్నాను. ఎమ్మెస్సీ జువాలజీ సెమినార్‌కి ఉష్ణమండల అడవుల్లో పండ్లు తినే గబ్బిలాల ఆహారం అనే అంశం తీసుకున్నారు. ఒకే అడవిలో పదుల కొద్దీ జాతులుంటే అవన్నీ అవే పండ్ల కోసం పోటీ పడవా? పండ్లలో ప్రోటీన్ అంతంత మాత్రమే కదా, పిల్లల్ని కని పాలిచ్చి ఎలా పెంచుతాయి? అర్ధరాత్రి చీకట్లో అవి ఏం తిన్నాయో మనకెలా తెలుస్తుంది? మన దగ్గరి గబ్బిలాలకూ ఇదంతా వర్తిస్తుందా? ఇవీ మీ ప్రశ్నలు.

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలితే మిగతావి సులువవుతాయి. నేను కొన్నేళ్లు మధ్య అమెరికా అడవుల్లో, ఆ తర్వాత పశ్చిమ కనుమల్లో ఇదే పని చేశాను. గబ్బిలం తింటుండగా చూడటం అరుదు. మనం చూసేది అది వదిలేసినవాటిని. ఒకటి రెట్ట, రెండోది పిప్పి.

పొద్దు గూకే వేళకి అడవిలో సన్నటి దారంతో అల్లిన వలలు కడతాం. మిస్ట్ నెట్ అంటారు. వలలో పడిన గబ్బిలాన్ని జాగ్రత్తగా విడదీసి గుడ్డ సంచిలో కాసేపు ఉంచుతాం. పండ్లు తినే గబ్బిలాల్లో తిన్నది చాలావరకు అరగంట లోపే బయటికొచ్చేస్తుంది. కాబట్టి సంచిలో ఎక్కువసేపు ఉంచాల్సిన అవసరం కూడా రాదు. కొలతలు తీసుకుని దాన్ని వదిలేశాక సంచిని తిరగేస్తే లోపల గుడ్డకి అంటుకుని గింజలు కనిపిస్తాయి. మేడి గింజలు ఇసుక రేణువులంత ఉంటాయి. మిరియాల జాతి గింజలు ఇంకాస్త నల్లగా, మూలలు తేలి ఉంటాయి. వంగ జాతివి బల్లపరుపుగా ఉంటాయి. అడవిలోని చెట్ల నుంచి ముందే సేకరించి పెట్టుకున్న గింజలతో పోల్చి చూస్తే గంట క్రితం ఆ గబ్బిలం ఏ పండు దగ్గర ఉందో చెప్పేయొచ్చు.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. సెమినార్‌లో దీన్ని తప్పకుండా చెప్పండి. గబ్బిలం మింగగలిగిన చిన్న గింజలే రెట్టలో కనిపిస్తాయి. పెద్ద గింజ ఉన్న పండుని పైపైన కొరికి, గింజ పారేస్తే రెట్టలో దాని ఆనవాలే ఉండదు. అందుకే అవి కూర్చుని తినే చోట్లు వెతికి, కింద గుడ్డలు గానీ వలలు గానీ పరిచి, రాలినవన్నీ ఏరుకోవాలి. రెట్ట ఒక్కటే చూసి రాసిన ఆహార పట్టికలు చాలా ఉన్నాయి. వాటిలో చిన్న గింజల పండ్ల వాటా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఏ పేపర్ చదివినా ముందు ఆ వివరాలు ఎలా సేకరించారో చూడటం అలవాటు చేసుకోండి.

ఇక అసలు విషయం. పండ్ల మీద బతికే గబ్బిలాలు ప్రధానంగా రెండు కుటుంబాలవి. ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల్లో ఉన్నవి టెరోపోడిడే కుటుంబానివి, మన గబ్బిలాయి ఇందులోదే. మధ్య, దక్షిణ అమెరికాల్లో ఉన్నవి ఫిల్లోస్టోమిడే కుటుంబానివి. వీటి ముక్కు మీద ఆకులాంటి చర్మం నిలబడి ఉంటుంది. ఈ రెండూ దగ్గరి చుట్టాలు కావు. పండ్లు తినే అలవాటు రెండు చోట్లా విడివిడిగా పుట్టింది. పుస్తకాల్లో రెంటినీ ఒకే గాటన కట్టి రాయడం వల్ల విద్యార్థులకి చాలా గందరగోళం కలుగుతుంది. నేను ఇక్కడ అమెరికా ఖండపు గబ్బిలాల గురించే ఎక్కువగా చెబుతాను. వీటి ఆహారం మీద జరిగినంత లోతైన పని మరెక్కడా జరగలేదు. ఆ పనిలో పెద్ద భాగం ఒకే ఒక్క దీవిలో జరిగింది.

ఆ దీవి పేరు బారో కొలరాడో. పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు గాటున్ సరస్సు ఏర్పడింది. నీళ్లు నిండాక ఒక కొండ శిఖరం మాత్రం పైన మిగిలి దీవి అయింది. విస్తీర్ణం సుమారు 1,560 హెక్టార్లు. 1923లోనే దాన్ని పరిశోధన కోసం కేటాయించారు. ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థ చూసుకుంటోంది. ఇంత చిన్న దీవిలో 70కి పైగా గబ్బిలాల జాతులున్నాయి. 1970ల రెండో సగంలో చార్లెస్ హ్యాండ్లీ బృందం ఇక్కడ వేల గబ్బిలాలకి గుర్తులు వేసి వదిలింది. డగ్లస్ మారిసన్ రేడియో ట్రాన్స్‌మిటర్లు అమర్చి రాత్రంతా వాటి వెంట నడిచాడు. తర్వాత జర్మనీకి చెందిన ఎలిజబెత్ కాల్కో చాలా ఏళ్లు ఇక్కడి గబ్బిలాల మీదే పనిచేసింది. ఈ అంశం మీద నాకు తెలిసిన మంచి విషయాల్లో చాలావరకు వీళ్ల కష్టం వల్ల తెలిసినవే.

ఈ దీవిలో ఏ వల కట్టినా మొదట పడేది ఆర్టిబియస్ జమైకెన్సిస్. బరువు దాదాపు 45 నుంచి 50 గ్రాములు. దీనికి మేడి పండ్లంటే ప్రాణం. ముఖ్యంగా ఫైకస్ ఇన్సిపిడా అనే పెద్ద మేడి జాతి. ఒక్కో పండు 9, 10 గ్రాములు తూగుతుంది, అంటే గబ్బిలం బరువులో ఐదో వంతు. ఆ పండుని నోట కరుచుకుని వెంటనే ఎగిరిపోతుంది. చెట్టు మీద కూర్చుని తినదు. కాసిన చెట్టు చుట్టూ గుడ్లగూబలు, పాములు కాపు కాస్తుంటాయి. అందుకని కొన్ని పదుల మీటర్ల నుంచి వంద, రెండు వందల మీటర్ల దూరంలో ఆకులు దట్టంగా ఉన్న కొమ్మ చూసుకుని, అక్కడ తలకిందులుగా వేలాడుతూ తింటుంది.

తినే తీరు దగ్గరగా చూడాలి. ఒక కాలితో కొమ్మని పట్టుకుని, పండుని రెక్కల బొటనవేళ్లతో ఛాతీకి అదిమి పట్టుకుంటుంది. ఒక ముక్క కొరికి గబగబా నములుతుంది. తర్వాత నాలుకతో ఆ ముద్దని అంగిలికి నొక్కుతుంది. అంగిలి మీద గట్టి గాట్లుంటాయి. రసం, దానితో పాటు కొన్ని గింజలు గొంతులోకి పోతాయి. మిగిలిన పిప్పి పలచగా, అండాకారపు బిళ్లగా నొక్కుకుపోయి ఉంటుంది. దాన్ని పక్కకి ఉమ్మేసి మళ్లీ కొరుకుతుంది. పండు అయిపోగానే ఇంకోదాని కోసం వెళుతుంది. ఇలా ఒక్క రాత్రిలో తన ఒంటి బరువుకి దగ్గర దగ్గరగా పండ్లు తింటుంది. తెల్లారి ఆ కొమ్మ కింద నిలబడితే నేలంతా ఆ బిళ్లలే. తాజావి పచ్చగా తడిగా ఉంటాయి, నిన్నటివి గోధుమ రంగుకి తిరిగి ఎండిపోయి ఉంటాయి. ఒకటి తీసుకుని వేళ్లతో నలిపితే పొడి పీచు తప్ప ఏమీ ఉండదు. రసం అంతా అది పిండేసుకుంది. గబ్బిలం పండు తింటుంది అని మనం అలవాటుగా అంటాం. నిజానికి అది తాగేది పండు రసం. పీచు మోసుకుంటూ ఎగరడం దానికి దండగ.

మరి మేడే ఎందుకు? మేడి పండులో పోషకాలు మరీ గొప్పగా ఏమీ ఉండవు. కాల్షియం మాత్రం బాగా ఉంటుంది, అది పాలిచ్చే తల్లికి అవసరం. అసలు కారణం అది కాదని నా అభిప్రాయం. అడవిలో చాలా చెట్లు ఏడాదిలో ఒక కాలంలో కాసి ఊరుకుంటాయి. మేడి జాతులు అలా కాదు. ఒకే జాతిలో ఈ చెట్టు ఫిబ్రవరిలో కాస్తే ఆ చెట్టు జూన్‌లో కాస్తుంది. మేడి పువ్వులో పరాగ సంపర్కం చేసే కందిరీగలు కొద్ది రోజులే బతుకుతాయి. వాటి వంశం నిలవాలంటే అడవిలో ఎక్కడో ఒకచోట ఏదో ఒక మేడి చెట్టు పూత మీద ఉండాల్సిందే. దాని ఫలితంగా గబ్బిలానికి ఏడాదంతా పండు దొరుకుతుంది. కాకపోతే వెతుక్కోవాలి. ఒక చెట్టు వేల పండ్లని వారం పది రోజుల్లో ఒక్కసారిగా పండించి ఖాళీ అయిపోతుంది. ఆర్టిబియస్ రోజూ కొన్ని కిలోమీటర్లు తిరుగుతూ ఎక్కడ ఏది పండుతోందో కనిపెట్టుకుని ఉండటానికి కారణం ఇదే. మారిసన్ గమనించిన మరో సంగతి, నిండు వెన్నెల రాత్రుల్లో చంద్రుడు నడినెత్తిన ఉన్నంతసేపూ అవి తిండి మానేసి తొర్రల్లోకి తిరిగొచ్చి కూర్చుంటాయి. వెలుతురులో గుడ్లగూబకి దొరికిపోతామని కాబోలు.

మేడి జాతులన్నీ గబ్బిలాలవి కావు. పండితే ఎర్రబడే చిన్న పండ్లని పగలు పక్షులు తింటాయి. గబ్బిలాల కోసం పండేవి పండినా పచ్చగానే ఉంటాయి, పరిమాణంలో పెద్దవి, వాసన ఘాటుగా వస్తుంది. రాత్రి రంగుతో పని లేదు కదా. కాల్కో బృందం ఈ తేడాని బారో కొలరాడోలోని మేడి చెట్ల మీద వివరంగా చూపించింది. అడవిలో నడుస్తుంటే పచ్చి కాయలే రాలుతున్నాయేమిటి అనిపించే చెట్టు కనబడితే ఒక పండు విప్పి చూడండి. లోపల మెత్తగా, తియ్యగా ఉంటుంది.

ఇప్పుడు పోటీ సంగతి. కింది అంతస్తులో, మన తల ఎత్తులో ఎగిరే ఇంకో గుంపు ఉంది. అది కారోలియా. కారోలియా పర్‌స్పిసిలాటా బరువు 20 గ్రాములకి అటూ ఇటూ. దీని తిండి మిరియాల కుటుంబంలోని పైపర్ పొదలు. మన పిప్పళ్లు చూసిన వాళ్లకి వీటి పండు వెంటనే గుర్తుపట్టొచ్చు, అదే కుటుంబం, అదే ఆకారం, కొమ్మ మీద నిటారుగా నిలబడిన సన్నటి కంకి. పండినప్పుడు అది మెత్తబడి వాసన వేస్తుంది. కారోలియా ఎగురుతూనే కంకిని తుంచుకుపోయి, దగ్గర్లోనే వేలాడి, రెండు బొటనవేళ్లతో పట్టుకుని మొక్కజొన్న పొత్తు తిన్నట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి కొరుక్కుంటూ పోతుంది. మధ్యలో ఉన్న ఈనె మాత్రం మిగులుతుంది. ఇది పిప్పి ఉమ్మదు. గుజ్జు, గింజలు కలిపి మింగేస్తుంది. అందుకే రెట్ట చూసి ఆహారం చెప్పే పద్ధతి కారోలియాకి చక్కగా సరిపోతుంది, ఆర్టిబియస్‌కి అంతగా సరిపోదు.

కోస్టారికాలోని శాంటా రోసా పొడి అడవిలో థియోడోర్ ఫ్లెమింగ్ కారోలియా మీద చాలా ఏళ్లు పనిచేశాడు. పైపర్ పొద మేడిలాగా ఒక్కసారిగా పండదు. రోజూ రాత్రికి కొన్నే కంకులు పండుతాయి. అలా వారాల తరబడి సాగుతుంది. పండిన కంకి చాలావరకు ఆ రాత్రే మాయమవుతుంది. ఒక చోట ఉన్న వేర్వేరు పైపర్ జాతులు ఒకదాని తర్వాత ఒకటి కాస్తూ పోతాయి. కాబట్టి కారోలియాకి దూర ప్రయాణాల అవసరం తక్కువ. తెలిసిన దారిలో తెలిసిన పొదల్ని రోజూ చూసుకుంటూ తిరుగుతుంది. అదే బరువున్న గబ్బిలం కిలోమీటర్ల కొద్దీ తిరగాలా, ఇంటి చుట్టుపక్కలే సర్దుకోవాలా అన్నది అది ఎంచుకున్న చెట్టు పండే తీరుని బట్టే ఉంటుంది. ఈ అంశం మొత్తంలో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

మూడో గుంపు స్టర్నీరా. దీనికి వంగ కుటుంబంలోని సొలానమ్ జాతులు. కొండ ప్రాంతాల్లో ఇది ఎక్కువ. సొలానమ్ కాయల్లో చేదు ఆల్కలాయిడ్లు ఉంటాయి, వేరే జంతువులు అంతగా ముట్టుకోవు. స్టర్నీరాకి అదే ప్రధానం.

ఇలా ప్రతి గుంపుకీ ఒక మూల ఆహారం ఉంటుందని ఫ్లెమింగ్ చెప్పాడు. ఆర్టిబియస్‌కి మేడి, సెక్రోపియా అనే చెట్టు పండ్లు. కారోలియాకి పైపర్. స్టర్నీరాకి సొలానమ్. మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా ఎక్కడ వల కట్టినా దాదాపు ఇదే క్రమం కనిపిస్తుంది. కారోలియా మేడి పండు ముట్టదని కాదు. సెక్రోపియా, విస్మియా లాంటి మొక్కల పండ్లు అన్ని గుంపులూ పంచుకునేవి. కానీ తనకిష్టమైనది దొరికినంత కాలం దాన్ని వదిలి పోదు. కారోలియాల్లోనే చిన్నదైన కారోలియా కాస్టేనియా అయితే బారో కొలరాడోలో దాదాపు పూర్తిగా పైపర్ మీదే ఆధారపడుతుంది. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు, పోటీ ఉంది గానీ అది ఎక్కువగా ఒకే గుంపులోని దగ్గరి జాతుల మధ్యే. గుంపుకీ గుంపుకీ మధ్య కాదు.

ఇంకా పట్టుదల ఉన్నవి కొన్నున్నాయి. హోండురస్ నుంచి పశ్చిమ పనామా వరకు ఎక్టోఫిల్లా ఆల్బా అనే తెల్ల గబ్బిలం ఉంది. 5, 6 గ్రాములు తూగుతుంది. ఒంటి మీద బొచ్చు తెల్లగా, ముక్కు, చెవులు పసుపుగా ఉంటాయి. హెలికోనియా అనే పెద్దాకుల మొక్క ఆకు ఈనెల పక్కన కొరికి, ఆకు గుడారంలా వాలేలా చేసి దాని కింద గుంపుగా నిద్రపోతుంది. దాని ఆహారం దాదాపు అంతా ఒక్క మేడి జాతే, ఫైకస్ కొలుబ్రినే. ఆ పసుపు రంగు కూడా ఆహారం నుంచి వచ్చే కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్లే. ఆ చెట్టు పోతే ఈ జీవి కూడా పోతుందని అనుకోవడానికి తగిన కారణం ఉంది.

కైరోడెర్మా అనే గబ్బిలం దీనికి పూర్తిగా వేరు. మిగతావి మేడి గింజల్ని అలాగే వదిలేస్తే ఇది వాటిని పళ్లతో పగలగొట్టి తింటుంది. బ్రెజిల్ పరిశోధకులు దీన్ని మొదట గమనించారు. ముందు గుజ్జు నమిలి, గింజలన్నీ ఒక ముద్దగా చేసి, తర్వాత నింపాదిగా ఆ ముద్దని నమలడం చూశారు. గింజలో ప్రోటీన్, కొవ్వు ఉంటాయి కాబట్టి దానికి లాభమే. చెట్టు వైపు నుంచి చూస్తే మాత్రం ఇది గింజలు తీసుకెళ్లే కూలీ కాదు, గింజల్ని మింగేసే దొంగ. పండ్లు తినే గబ్బిలాలన్నీ అడవికి మేలు చేస్తాయి అని ఒక్క మాటలో రాసేవాళ్లు దీన్ని మర్చిపోతారు.

చీకట్లో పండిన పండు ఎలా దొరుకుతుందన్నది మీరు అడగలేదు గానీ ఆహారంతో ముడిపడిన సంగతి కాబట్టి చెబుతున్నాను. కారోలియా ముందు వాసన పట్టుకుని పొద దగ్గరికొస్తుంది. తర్వాత తన శబ్ద తరంగాలతో కంకి సరిగ్గా ఎక్కడుందో తేల్చుకుంటుంది. రెండూ కావాలి. వాసన ఒక్కదానితో కంకి చోటు తెలియదు, శబ్దం ఒక్కదానితో పచ్చిదో పండుదో తెలియదు. దక్షిణ బ్రెజిల్‌లో ఈ గుణాన్ని వాడుకుని ఒక మంచి పని చేశారు. పండ్ల నుంచి తీసిన సుగంధ తైలాన్ని రబ్బరు పండ్లకి పట్టించి, అడవి నరికేసిన చోట వేలాడదీశారు. గబ్బిలాలు ఆ వాసనకి వచ్చాయి. వస్తూ పోతూ గింజలు అక్కడ రాల్చేలా చేయాలన్నది వాళ్ల ఆలోచన.

ఇక కరువు నెలలు. బారో కొలరాడోలో వర్షాకాలం చివర, నవంబరు ప్రాంతంలో పండ్లు తగ్గిపోతాయి. ఆర్టిబియస్ ఏడాదికి రెండు ఈతలు ఈనుతుంది, మార్చి ఏప్రిల్‌లో ఒకటి, జూలై ఆగస్టులో ఒకటి. రెండూ పండ్లు బాగా దొరికే రోజులకి సరిపోతాయి. రెండో ఈత తర్వాత వెంటనే మళ్లీ చూలు కడుతుంది. మామూలుగా పెరగనిస్తే ఆ పిల్ల సరిగ్గా పండ్లు లేని రోజుల్లో పుట్టాలి. అందుకని పిండం గర్భాశయంలో అతుక్కున్నాక సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య వరకు దాదాపు పెరగకుండా ఆగిపోతుంది. తర్వాత మళ్లీ పెరిగి మార్చిలో పుడుతుంది. 1971లో ఫ్లెమింగ్ ఈ సంగతి ప్రకటించాడు. ఆహారం గురించి మాట్లాడేటప్పుడు ఏం తింటుంది అన్నంత మాత్రాన సరిపోదు, ఎప్పుడు దొరుకుతుంది అన్నది కడుపులో పిండం దాకా శాసిస్తుంది అనడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు తెలియదు. సెమినార్‌లో ఒక స్లైడ్ దీనికి కేటాయించండి.

ప్రోటీన్ ప్రశ్నకి వద్దాం. మొదటి సంగతి, ప్రోటీన్ నుంచి అందే నైట్రోజన్ ఈ గబ్బిలాలకి అవసరమయ్యేదే తక్కువ. బందీగా పెట్టి కొలిచిన ప్రయోగాల్లో ఆర్టిబియస్ అతి తక్కువ నైట్రోజన్‌తో బరువు తగ్గకుండా నిలబడింది. రెండోది, అవి కావలసిన శక్తి కంటే ఎక్కువ పండ్లు తిని, అందులో ఉన్న కొద్దిపాటి ప్రోటీన్‌ని కూడబెట్టుకుంటాయన్న వాదన ఉంది. పశ్చిమ ఆఫ్రికా గబ్బిలాల మీద పనిచేసిన డోనాల్డ్ థామస్ 1984లో దాన్ని ముందుకు తెచ్చాడు. అన్ని జాతులకీ అది వర్తిస్తుందని నేను అనుకోను. కారోలియా లాంటివి పురుగుల్ని కూడా తింటాయి, పుప్పొడి నాకుతాయి. వాటికి అంత తిండి తినాల్సిన పని లేదు.

మూడో దారి ఆకులు. ఇది విన్నప్పుడు చాలామంది నమ్మరు. ఆర్టిబియస్ ఆకుని తుంచుకుని, పండుని నమిలినట్టే నమిలి, రసం మింగి, పిప్పి ఉమ్మేస్తుంది. ఆకు రసంలో ప్రోటీన్, ఖనిజాలు ఉంటాయి, పీచు బరువు మాత్రం కడుపులోకి పోదు. ఎగిరే జంతువు ఆకులు తినాలంటే ఇదొక్కటే తోవ. పండ్లు తినే చోటు కింద పిప్పి ఏరుతున్నప్పుడు ముదురు ఆకుపచ్చ బిళ్లలు కనబడితే పచ్చి మేడి అనుకుని పారేయకండి. విప్పి చూడండి, ఆకు ఈనెలు కనిపిస్తాయి.

పశ్చిమ అమెజాన్‌లో, పెరూ అడవుల్లో, జంతువులు మట్టి నాకడానికి వచ్చే చోట్లున్నాయి. అక్కడ రాత్రిపూట వలలు కడితే పడే గబ్బిలాల్లో ఎక్కువ భాగం పండ్లు తినేవే. వాటిలోనూ చూలివి, పాలిచ్చేవి అయిన ఆడవే ఎక్కువ. సోడియం లాంటి ఖనిజాల కోసమని కొందరు, పండ్లలోని విషపదార్థాలని మట్టి విరుస్తుందని కొందరు అంటున్నారు. పండు ఒక్కటే సరిపోదని, దాని లోటు ఎక్కడో పూడ్చుకోవాలని మాత్రం ఆ ఆడ గబ్బిలాలు నిరూపిస్తున్నాయి.

తినే తీరు అడవి మీద ఏం ప్రభావం చూపిస్తుందో కూడా రెండు మాటలు. పక్షి ఎక్కువగా కొమ్మ మీద కూర్చుని రెట్ట వేస్తుంది, గింజలు చెట్ల కిందే పడతాయి. గబ్బిలం ఎగురుతూ వేస్తుంది, చెట్లు లేని ఖాళీ మీదుగా పోతూ కూడా వేస్తుంది. అందుకే నరికేసిన చోట ముందుగా మొలిచే వాటిలో సెక్రోపియా, పైపర్, సొలానమ్, విస్మియా ఎక్కువగా కనిపిస్తాయి. అన్నీ చిన్న గింజలవి, అన్నీ గబ్బిలాలు తినేవి. మధ్య, దక్షిణ అమెరికాల్లో 500కు పైగా మొక్క జాతుల గింజల్ని గబ్బిలాలు మోస్తాయని లెక్కగట్టారు. పెద్ద గింజలకి కూడా వాటా ఉంది. డిప్టెరిక్స్ అనే మహావృక్షం కాయలో గట్టి టెంక మీద పలచటి గుజ్జు మాత్రమే ఉంటుంది. ఆర్టిబియస్ లిట్యురేటస్ అనే పెద్ద జాతి దాన్ని మోసుకుపోయి, గుజ్జు గీకి తిని, టెంకని తన కొమ్మ కింద వదిలేస్తుంది. తల్లి చెట్టుకి దూరంగా పడటం వల్ల ఆ గింజ బతికే అవకాశం పెరుగుతుంది. రెట్టలో ఇది కనిపించదని పైన చెప్పాను కదా, ఇలాంటి పండ్ల గురించే.

చివరగా మన దగ్గరి గబ్బిలాలు. వీటిలో కారోలియా పైపర్ జతలాంటి గట్టి బంధాలు అంతగా కనిపించవు. మేడి జాతులు మాత్రం ఇక్కడా మూలాధారమే, మర్రి, రావి, జువ్వి, మేడి అన్నీ. మన చిన్న పండ్ల గబ్బిలం సైనోప్టెరస్ స్ఫింక్స్ బరువులో ఆర్టిబియస్‌కి దగ్గరగా ఉంటుంది, చుట్టరికం లేకపోయినా అలవాట్లు అచ్చం అవే. పండుని మోసుకుపోయి వేరే చోట తింటుంది, పిప్పి ఉమ్ముతుంది, ఆకులు నమిలి రసం మింగుతుంది. జామ, సపోటా, అరటి, మామిడి, బాదం, సింగపూర్ చెర్రీ దాకా తింటుంది. పెద్ద గబ్బిలాయి, అంటే టెరోపస్, ఎక్కువగా చెట్టు మీదే తింటుంది, ఇప్ప పువ్వుల కాలంలో ఇప్ప చెట్ల మీద వాలుతుంది, నరమామిడి పండ్లని ఇష్టంగా తింటుంది. మన వాటికి గొంతుతో చేసే శబ్ద తరంగాల శక్తి లేదు, కళ్లు, ముక్కు మీదే ఆధారం. కాబట్టి కారోలియా మీద జరిగిన వాసన, శబ్దం ప్రయోగాల్ని ఇక్కడికి యథాతథంగా తేకూడదు.

పశ్చిమ కనుమల్లో మాత్రమే ఉండే లాటిడెన్స్ సలీమాలీ గురించి చదవండి. 1948లో తమిళనాడు హై వేవీ కొండల్లో ఆంగస్ హట్టన్ దాన్ని పట్టుకున్నాడు. మామూలు సైనోప్టెరస్ అనుకుని మ్యూజియంలో పెట్టేశారు. 1972లో కిట్టి థాంగ్‌లాంగ్యా పరీక్షించి కొత్త జాతి మాత్రమే కాదు, కొత్త ప్రజాతి అని తేల్చి సలీం అలీ పేరు పెట్టాడు. ఎత్తైన కొండ అడవుల్లో రుద్రాక్ష కుటుంబపు పండ్లు, మేడి పండ్లు తింటుంది. దాని ఆహారం మీద చేయాల్సిన పని ఇంకా బోలెడు మిగిలి ఉంది. మీరు పీహెచ్‌డీ ఆలోచనలో ఉంటే నా ఓటు దానికే.

సెమినార్‌కి సొంతంగా ఏదైనా చూపించాలంటే వలలు, అనుమతులు ఏమీ అక్కర్లేదు. మీ కాలేజీలోనో ఊళ్లోనో ఒక మర్రి చెట్టో నరమామిడి వరసో చూసుకోండి. పొద్దున్నే కింద పాత గుడ్డో ప్లాస్టిక్ పట్టానో పరచండి, మర్నాడు పొద్దున రాలినవి ఏరండి. చేతులకి గ్లవ్స్, మూతికి మాస్కు తప్పనిసరి. కేరళలో 2018లో వచ్చిన నిపా వైరస్ తర్వాత ఇది నేను ప్రతి విద్యార్థికీ చెబుతున్నాను. గబ్బిలం కొరికిన పండు తినకూడదు, గూడు చెట్టు కింద రెట్ట ఊడ్చకూడదు, గబ్బిలాన్ని చేత్తో ముట్టకూడదు. ఏరిన పిప్పిని నీడలో ఆరబెట్టి, తేదీ, చెట్టు పేరు రాసిన కాగితం పొట్లాల్లో పెట్టండి. గింజలు విడదీసి చుట్టుపక్కల చెట్ల గింజలతో పోల్చండి. ఆకు పిప్పిని వేరే పొట్లంలో వేయండి. ఒక నెల ఇలా చేస్తే మీ ఊరి గబ్బిలం ఆ నెలలో ఏం తిన్నదో మీకు తెలుస్తుంది. తర్వాత నెలలో మళ్లీ చేస్తే ఏది మారిందో కూడా తెలుస్తుంది. గింజలు పోల్చేటప్పుడు అనుమానం వస్తే ఫోటోలు ఇక్కడే పెట్టండి. స్కేల్ పక్కన ఉంచి తీయండి, చూసి చెబుతాను.